లెక్కకు రాని ముద్దలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. రాజోలు దగ్గర మా ఊళ్ళో అందరికీ ఆ సంగతి తెలుసు, మా ఆయన సూరిబాబుకి ఇంకా బాగా తెలుసు, ఇరవై ఏళ్ళుగా దుబాయ్‌లో నేను పనిచేసిన ఇళ్ళవాళ్ళకీ తెలుసు. అయినా ఈ పేరమ్మ చేతికి పిల్లనిచ్చినవాళ్ళెవరూ భయపడి వెనక్కి తీసుకోలేదు. నా కోపం పెద్దవాళ్ళ మీదే గానీ పిల్లల మీద కాదు. అందుకే ఆ రోజు క్లినిక్‌లో నర్సు మా చిట్టిని తూకం మీద పడుకోబెట్టి, కంప్యూటర్ వైపు చూసి, "హూఁ" అన్నప్పుడు నాకు ఒళ్ళు మండిపోయింది.

చిట్టి నా మనవరాలు కాదు. అసలు పేరు మోక్షిత. వాళ్ళమ్మ నవత, నాన్న మల్లేశ్, ఇద్దరిదీ జగిత్యాల వైపు. దుబాయ్‌లో ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో ఒకే ఫ్లాట్ మేమూ వాళ్ళూ పంచుకుంటాం. బెడ్‌రూమ్ వాళ్ళది, హాలు మాది, వంటిల్లు అందరిదీ. మల్లేశ్‌కి గోడౌన్‌లో పని, తెల్లారకముందే కంపెనీ బస్సు ఎక్కుతాడు. నవత ఒక పెద్ద సూపర్‌మార్కెట్‌లో బిల్లింగ్ కౌంటర్ మీద కూర్చుంటుంది. మా ఆయన స్కూలు బస్సు నడుపుతాడు. రెండు వేల ఇరవై నాలుగు ఏప్రిల్‌లో వానలొచ్చి మా వీధులన్నీ మునిగాయి చూడండి, ఆ వారమే చిట్టి పుట్టింది. నవతని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మల్లేశ్, మా ఆయన చెరోవైపు పట్టుకుని, మోకాల్లోతు నీళ్ళలో మెయిన్ రోడ్డు దాకా మోసుకెళ్ళారు. నేను ముందు నడుస్తూ గుంటలెక్కడున్నాయో కాలితో తడిమి చెప్పాను. రెండు నెలల సెలవు అయిపోగానే నవత పిల్లని నా ఒళ్ళో పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయింది. అప్పటినుంచి పగలంతా అది నా పిల్లే.

ఆరో నెల టీకాలప్పుడే ఆ నర్సు, పిల్ల కాస్త తొందరగా బరువెక్కుతోంది, మళ్ళీ రెండు నెలలకి తీసుకురండి అని చెప్పింది. పేరు షహర్బాను. మలయాళీ పిల్ల, మాతో హిందీలో మాట్లాడుతుంది. డిసెంబర్‌లో నవత సెలవు పెట్టింది, ఇద్దరం తీసుకెళ్ళాం. పది కిలోల రెండొందలు తూగింది. నేనైతే మనసులో నా చేతులకి నేనే దండం పెట్టుకున్నాను. ఎనిమిది నెలల పిల్ల పది కిలోలంటే మాటలా? మా ఊళ్ళో అయితే ఎత్తుకుని వీధంతా తిప్పేవాళ్ళం, తిప్పి వచ్చి దిష్టి తీసేవాళ్ళం.

షహర్బాను మాత్రం ప్రశ్నల మీద ప్రశ్నలు వేసింది. పుట్టినప్పుడు ఎంత బరువు? కడుపుతో ఉన్నప్పుడు తల్లికి షుగర్ వచ్చిందా? తల్లి బరువెంత, తండ్రి బరువెంత? ఎన్ని నెలలు తల్లిపాలు తాగింది, డబ్బాపాలు ఎప్పుడు మొదలయ్యాయి? నిద్ర ఎంతసేపు? నవత ఒక్కోదానికీ జవాబు చెబుతుంటే ఆమె ఒక్కో అంకె వేసుకుంటూ పోయింది. ఆఖరికి అన్నీ కలిపి, స్క్రీను మా వైపు తిప్పి చూపించింది. పిల్లలు ఎదిగే దారులంటూ అక్కడ వంపులు తిరిగిన గీతలున్నాయి. మా చిట్టి చుక్కలు మధ్య గీత మీద మొదలై, ఒకదాని తర్వాత ఒకటి దాటుకుంటూ, అన్నిటికన్నా పై గీతని కూడా దాటి కూర్చున్నాయి.

భయపడొద్దంది. ఇప్పుడు జబ్బేమీ లేదు, పిల్ల బాగుంది, కానీ ఈ అంకెలు వచ్చిన పిల్లలు బడికెళ్ళే వయసుకి ఊబకాయం వైపు వెళ్ళే అవకాశం ఎక్కువ, ఆ తర్వాత తగ్గించడం కష్టం, ఇప్పుడైతే చాలా తేలిక అని చెప్పింది. పస్తు పెట్టమని కాదు, ఒక్క ముద్ద కూడా బలవంతంగా తగ్గించొద్దు. ముందు ఏం తింటోందో తెలియాలి కాబట్టి నోట్లోకి వెళ్ళిన ప్రతిదీ రెండు వారాలు ఒక పుస్తకంలో రాసి తీసుకురమ్మంది. అలా చెబుతూ నా వైపు చూసింది. పిల్లని పగలు చూసేది నేనే అని అప్పటికే నవత చెప్పేసింది కదా. నా మొహంలో ఏం కనిపించిందో ఏమో, ఒక చిన్న నవ్వు నవ్వింది. నేను నవ్వలేదు.

 ఇంటికి రాగానే జగిత్యాలకి వీడియో కాల్ చేసింది. వాళ్ళత్త కొమురవ్వ తెర నిండా మొహం పెట్టి పిల్లని చూసి, అయ్యో బిడ్డ ఎండిపోయింది, మెడ సన్నగైంది అంది. మా చిట్టికి అప్పుడు మెడ ఎక్కడుందో నేను కూడా వెతుక్కోవాలి. అయినా కొమురవ్వ తప్పు కాదది. బొద్దుగా ఉన్న పిల్లని బొద్దుగా ఉందని ఎవరంటారు? చిక్కిపోయిందనే అనాలి, ఏమీ తినడం లేదనే చెప్పాలి. నేనూ రోజూ అదే చెబుతాను. దిష్టి తగలకుండా ఉండాలంటే అదొక్కటే మందు.

ఫోన్ పెట్టేశాక నవత నా పక్కన కూర్చుంది. ఫిబ్రవరిలో మల్లేశ్ సెలవు మీద ఊరికెళ్తున్నాడు. జనవరి నెలాఖరు తూకంలో పిల్ల బరువు అదుపులోకి రాకపోతే దాన్ని కూడా తీసుకెళ్ళి అత్త దగ్గర వదులుతాడని చెప్పింది. అక్కడ పాలేరు పిల్లలతో ఆడుకుని, దోగాడి, సన్నబడుతుందట. ఆ మాట చెప్పేటప్పుడు తన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. నేను సరేనమ్మా, నీ పిల్ల నీ ఇష్టం అన్నాను. లేచి వంటింట్లోకి వెళ్ళి, ఖాళీ గిన్నెలనే రెండోసారి తోమాను.

ఇక్కడొక మాట చెప్పాలి. నేను దుబాయ్ వచ్చేటప్పటికి నా కూతురు శాంతిప్రియకి రెండేళ్ళు. మా అమ్మ చేతిలో పెట్టి విమానం ఎక్కాను. దుబాయ్ పక్కనే ఉన్న అజ్మాన్‌లో అరబ్బుల ఇంట్లో పద్నాలుగేళ్ళు పనిచేసి వాళ్ళ పిల్లలు నలుగుర్ని పెంచాను. చివరివాడు కూడా పెద్దవాడయ్యాక, ఖలాస్, ఇక నీ అవసరం లేదన్నారు. ఆ నలుగురూ ఇప్పుడు రోడ్డు మీద ఎదురైతే నన్ను గుర్తుపడతారో లేదో. కన్నదాన్ని వదిలేశాను, పెంచినవాళ్ళు నన్ను వదిలేశారు. చిట్టిని కూడా ఎవరో ఎత్తుకుపోతే తట్టుకునే బలం నాకు లేదు. ఉన్నమాట చెబుతున్నాను.

ముందు ఆ పుస్తకం వద్దనే అన్నాను. పిల్ల తినే ముద్దలు ఎవరైనా లెక్కపెడతారా? అరిష్టం కాదూ? అయినా జనవరి గండం తల మీద ఉంది కాబట్టి, ఒక లాంగ్ నోట్‌బుక్కు తెచ్చి, దారం కట్టి, ఫ్రిజ్ పిడికి వేలాడదీశాను. పక్కనే పెన్ను. మొదటి పేజీ మీద పసుపు బొట్టు పెట్టాను, దిష్టికి. పొద్దున్న రాగిజావ, బెల్లం లేకుండా, చిన్న గిన్నెతో ఒకటి. పదకొండింటికి పాలు. మధ్యాహ్నం పెసరపప్పు అన్నం, నెయ్యి అర చెంచా. సాయంత్రం అరటిపండు సగం. ఏడో తరగతి చదువు, అక్షరాలు గుండ్రంగా రాస్తాను. ఉన్నది ఉన్నట్టు రాశాను. నేను దొంగలెక్క రాసే మనిషిని కాను.

రెండు వారాలకి షహర్బాను ఆ పుస్తకం మొత్తం నవత చేత చదివించుకుంది. కాలిక్యులేటర్ మీద ఏవేవో నొక్కింది. పిల్లని మళ్ళీ తూచింది. పావుకిలో పెరిగింది. ఈ పుస్తకంలో ఉన్న తిండికి ఇంత పెరగకూడదే అని చాలా మర్యాదగా అంది. మర్యాదగా అన్నా దాని అర్థం నాకు తెలీదా?

ఆ సాయంత్రం నవత నా మంచం దగ్గరికి వచ్చింది. అడ్డం కట్టిన కర్టెన్ అంచు పట్టుకుని నలుపుతూ అడిగింది.

"పెద్దమ్మా, నువ్వు రాయనిది ఏమన్న ఉన్నదా? ఉంటే చెప్పు. నేనేమనుకోను."

 నా కోపం అరిచే రకమే, కానీ ఆ మాటకి పిల్ల బట్టలు మడతపెడుతూ కూర్చున్నాను. అరబ్బుల ఇంట్లో బంగారం తీసి టేబుల్ మీద పడేసి వెళ్ళేవాళ్ళు, ఒక్కరోజు కూడా నన్ను అనుమానించలేదు. ఇప్పుడు రాగిజావ దగ్గర దొంగనయ్యాను. ఆ పూట అన్నం తినలేదు. మా ఆయన బతిమాలబోతే గోడవైపు తిరిగి పడుకున్నాను.

తెల్లారి లేచేటప్పటికి ఏడుపు పోయి పట్టుదల మిగిలింది. నేను పెట్టకుండా పిల్ల బరువెక్కుతోందంటే, నేను కాక ఇంకెవరో పెడుతున్నారు. పగలు పిల్ల నా చేతిలోంచి బయటికి వెళ్ళేది ఒకే ఒక్క సమయంలో. సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చాక, గాలికి తిప్పుతానని గంటసేపు కిందికి తీసుకెళ్తాడు. ఆ రోజు వాళ్ళు లిఫ్ట్ ఎక్కగానే చెత్తసంచి పట్టుకుని మెట్లమీంచి నేనూ దిగాను.

మా బిల్డింగ్ కింద కెఫెటీరియాలో కరక్ చాయ్ కాచేది జిలానీ బాషా. రాజంపేట మనిషి, నన్ను అక్కా అని పిలుస్తాడు. స్తంభం చాటునుంచి చూద్దును కదా, మా ఆయన చిట్టిని కౌంటర్ మీద కూర్చోబెట్టాడు. జిలానీ డబ్బాలోంచి చిక్కటి తీపి పాలు గిన్నెలో పోసి, బిస్కెట్టు ముంచి, మెత్తబడ్డాక నోట్లో పెట్టాడు. ఒకటి కాదు, మూడు. ఆ తర్వాత మా ఆయన జేబులోంచి ఖర్జూరప్పండు తీసి, గింజ తీసి, వేళ్ళతో నలిపి నాకించాడు. చిట్టి కాళ్ళాడిస్తూ ఆ వేలు చీకుతోంది. వాళ్ళ మొహాల్లో ఆ ఆనందం చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. నాకు రాలేదు.

చెత్తసంచితో సహా వెళ్ళి ముందు నిలబడ్డాను. మా ఆయన తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు. "అర పండు నాకించానే, దానికే బరువెక్కిపోద్దేంటి?" అన్నాడు. ఎన్నాళ్ళ నుంచి అని అడిగితే లెక్క చెప్పలేకపోయాడు. నాకు ఎందుకు చెప్పలేదయ్యా అంటే, పిల్ల తిన్నది ఎవరైనా పైకి చెబుతారా అని నన్నే ఎదురడిగాడు.

జిలానీని తిట్టడానికి నోరు తెరిచాను. అతను గిన్నె వెనక్కి పెట్టి తలొంచుకున్నాడు. "నా కూతురు పుట్టి మూడేండ్లయిందక్కా, ఫోన్‌లోనే చూసినాను. ఈ పాప వచ్చి చెయ్యి చాపితే ఏమీ పెట్టకుండా ఎట్లుంటాను చెప్పు?"

 ఏమని తిట్టను? చెత్తసంచి డబ్బాలో పడేసి, పిల్లని చంకనేసుకుని పైకి వచ్చేశాను.

అయినా నా నిర్దోషిత్వం నలుగురికీ తెలియాలి కదా. ఆదివారం అందరూ ఇంట్లో ఉన్నప్పుడు, పుస్తకం చేత్తో పట్టుకుని, బిస్కెట్ల సంగతి, ఖర్జూరాల సంగతి పూస గుచ్చినట్టు చెప్పాను. మా ఆయన్ని అందరి ముందూ కడిగేశాను. మధ్యలో ఎందుకో మల్లేశ్ లేచి మంచినీళ్ళు తాగొచ్చాడు, మళ్ళీ లేచాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే ఉంది అతని వాలకం. కూర్చో నాయనా అన్నాను. కూర్చుని మెల్లగా చెప్పాడు. పొద్దున్నే కంపెనీ బస్సుకి వెళ్ళేముందు తను పిల్లకి ఒక సీసా పాలు కలిపి పట్టిస్తున్నాడట. డబ్బా మీద రాసినదానికంటే పొడి రెండు చెంచాలు ఎక్కువే వేస్తాడట. సాయంత్రం తను వచ్చేసరికి అది నిద్రపోతుంది, అది కళ్ళు తెరిచి ఉండగా తను చూసేది ఆ పది నిమిషాలేనట. పాలు తాగేటప్పుడు అది నా వేలు పట్టుకుంటది పెద్దమ్మా అన్నాడు.

నవత మొగుణ్ణి కొరకొరా చూసింది. చూసి, చూసి, తను కూడా బయటపడింది. డ్యూటీనుంచి రాగానే, నేను పిల్లకి పెట్టేశానని చెప్పినా, గదిలోకి తీసుకెళ్ళి కప్పుడు సెర్లాక్ కలిపి పెడుతోందట. కన్నతల్లినై ఉండి రోజుకి ఒక్కసారైనా నా చేత్తో పెట్టుకోవద్దా అంది. నువ్వు బాధపడతవని చెప్పలేదు పెద్దమ్మా అంది.

అదండీ సంగతి. ఒక్క పిల్లకి ఇన్ని చేతులు. ప్రతివాళ్ళూ కొంచెమే పెట్టారు, ప్రతివాళ్ళూ దాచారు, పైగా ప్రతివాళ్ళూ పిల్ల ఏమీ తినట్లేదనే చెప్పుకున్నారు. నేను మాత్రం రాసి, చూపించి, మాటపడ్డాను. ఆ మధ్యాహ్నం నేను కాస్త నిక్కుతూ నడిచిన మాట నిజం. నవత నా చెయ్యి పట్టుకుని తప్పయిందని చెబితే, పోనీలేమ్మా అని పెద్దరికంగా అన్నాను.

అన్నం వేళయింది. అందరి ముందూ చిట్టికి పప్పన్నం పెట్టడానికి కూర్చున్నాను. పెట్టడం ఎలాగో చూసి నేర్చుకోండి అన్నట్టు కూర్చున్నాను. చిన్న చిన్న ముద్దలు, బాగా మెదిపి. పది ముద్దలు తిని చిట్టి మొహం పక్కకి తిప్పేసింది. అయిపోయింది. గిన్నె అంచుకి ఇంకా కొంచెం ఉంది. నేను ఎప్పటిలాగే మొదలుపెట్టాను. ఇదిగో అమ్మ ముద్ద అన్నాను. తల తిప్పి నా మొహంలోకి చూసి, నవ్వి, నోరు తెరిచింది. ఇది నాన్న ముద్ద. ఇది తాత ముద్ద, బస్సు తాత ముద్ద. ఇది జగిత్యాల నానమ్మ ముద్ద. ఇది జేజి ముద్ద, దేవుడి ముద్ద. మళ్ళీ మొహం తిప్పుకుంది. ఆఖరిది, ఆఖరిది, శాంతక్క ముద్ద. చెంప నొక్కి అది కూడా పెట్టేశాను. పెట్టి, మూతి తుడిచి, గర్వంగా తలెత్తాను.

 నవత చేతివేళ్ళు ముడుచుకుని ఉన్నాయి, ఇటు అయిదు, అటు ఒకటి.

"ఆరు ముద్దలు. ఇవి పుస్తకంల రాస్తున్నవా పెద్దమ్మా?"

"ఇవెందుకు రాత్తానమ్మా?" అన్నాను. "ఇవి తిండి కాదు కదా."

ఆ మాట నా నోట్లోంచి వచ్చి, నా చెవికి వినబడి, అక్కడే ఆగిపోయాను. మా ఆయన నవ్వు ఆపుకోవడానికి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పూటకి ఆరు ముద్దలు, రోజుకి మూడు పూటలు. పద్దెనిమిది. ఇంకో పూట భోజనం. ఒట్టు పెట్టి చెబుతున్నాను, ఆ క్షణం దాకా అవి ముద్దలని నాకు తట్టలేదు. గురివింద గింజ తన కింద నలుపు ఎరగదంటారు, అది నేనే. జిలానీ బిస్కెట్లకి స్తంభం చాటున నిలబడ్డదాన్ని, నా చేతిలో గిన్నె నేను చూసుకోలేదు.

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. ఆ పైన ఏడుపొచ్చింది. నేను నలుగురి ముందు ఏడ్చే మనిషిని కాను, అయినా వచ్చింది. నవతకి చెప్పాను. అజ్మాన్‌లో పిల్లలకి కూడా ఇలాగే పెట్టేదాన్ని. మామా ముద్ద, బాబా ముద్ద, ఆఖరున వాళ్ళకి అర్థంకాని పేరు, శాంతి ముద్ద. మా శాంతి అక్కడ ఎవరి చేత్తో తింటోందో, తిన్నదో లేదో, ఇక్కడ దాని పేరున ఒక ముద్ద ఒక పిల్ల కడుపులోకి వెళ్తే అక్కడ దానికి చేరుతుందని అనుకునేదాన్ని. పిచ్చి ఊహే. శాంతిప్రియకి ఇప్పుడు ఇరవై రెండేళ్ళు, రాజమండ్రి హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది, మెస్సులో శుభ్రంగా తింటోంది. అయినా మానలేకపోయాను.

నవత తప్పుపడుతుందనుకున్నాను. వెళ్ళి పెన్ను తెచ్చింది. కొత్త పేజీ తిప్పి, అందరం చెప్తుంటే తనే రాసింది. మల్లేశ్ సీసా, సెర్లాక్ కప్పు, బిస్కెట్లు, ఖర్జూరం, పేర్లతో సహా ఆరు ముద్దలు. రాసి చూసుకుంటే పేజీ సరిపోలేదు.

ఆ పేజీ చూసి షహర్బాను నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నిదానంగా చదివించుకుని, ఇది రాసినందుకు చాలా సంతోషం, ఇంత నిజంగా రాసుకొచ్చినవాళ్ళు తక్కువ అంది. తర్వాత నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, పిల్ల మొహం తిప్పుకోవడం అంటే ఏమిటో చెప్పింది. అది దాని మాట. మాటలు రాని పిల్ల చాలని చెప్పేది అలాగే. మనం పేర్లు చెప్పి, నవ్వించి ఇంకో ముద్ద పెడితే, తన కడుపు మాట తను వినకూడదని నేర్చుకుంటుంది. "మూ ఫేర్ లియా తో ఖలాస్, అమ్మా" అంది, మొహం తిప్పితే ఇక అయిపోయినట్టే అని. మొదటిసారి ఆమె నన్ను అమ్మా అంది. ఆమె మీద కోపం అక్కడే పోయింది. అసలు అంతకుముందు అంత కోపం కూడా అక్కర్లేదనుకోండి.

ఇక మార్పులంటే పెద్దవేమీ కాదు. మల్లేశ్ పొద్దున్న సీసా డబ్బా మీది కొలత ప్రకారమే కలుపుతాడు, మిగిలిన అయిదు నిమిషాలు పిల్లని పొట్ట మీద కూర్చోబెట్టుకుని ఊపుతాడు. నేను సాయంత్రం పెట్టడం మానేశాను, ఆ పూట నవతది. జిలానీకి ఒక చిన్న స్టీలు గ్లాసు, చెంచా ఇచ్చాను. చిట్టి కౌంటర్ మీద కూర్చుని వాటితో టంగుటంగుమని వాయిస్తుంటే, చాయ్ తాగేవాళ్ళకి చెవులు చిల్లులు పడుతున్నాయని అతనే మురిసిపోతూ చెబుతాడు. మా ఆయన పార్కులో చాప పరిచి, తను ముందు దోగాడి చూపిస్తాడట. యాభై ఏళ్ళ మనిషి, పొట్టతో. పిల్ల సంగతేమో గానీ ఆయన రెండు కిలోలు తగ్గాడు.

కష్టమైంది నాకే. పిల్ల మొహం తిప్పగానే చెయ్యి వెనక్కి తీసుకోవాలి. మొదటి వారం గిన్నెలో మిగిలిన అన్నం చూస్తే పారెయ్యడానికి మనసొప్పేది కాదు. పిల్లని పస్తు పెట్టినట్టే అనిపించేది. చెయ్యి గాల్లోనే ఆగేది, పేర్లు పెదాల దాకా వచ్చేవి. నవత ఇంట్లో ఉంటే, పెద్దమ్మా, అని ఊరికే పిలిచేది. అంతే, ఇంకేమీ అనేది కాదు.

జనవరి నెలాఖరున తూకానికి వెళ్ళాం. బస్సులో నేను ఏ దేవుడికి ఎన్ని కొబ్బరికాయలు మొక్కానో నాకే గుర్తులేదు. చిట్టి తూకం మీద కూర్చుని షహర్బాను మెడలో కార్డు లాగుతోంది. యాభై గ్రాములు పెరిగింది. అంతే. స్క్రీను మీద చుక్క పై గీతని దాటకుండా దాని పక్కకి వచ్చి నిలబడింది. ఇదే దారి, తొందరేం లేదు, పిల్ల ఎదిగేకొద్దీ గీతలు పైకి వెళ్తాయి, చుక్క వాటి కిందికి వస్తుంది అంది షహర్బాను. చూస్తూ ఉండాలి, మొదటి పుట్టినరోజుకి మళ్ళీ తీసుకురండి అంది.

తిరుగు బస్సులో పిల్ల నా భుజం మీద నిద్రపోయింది. నవత కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది. "మల్లేశ్‌కు ఒక్కనికే టికెట్ తీస్తున్నం పెద్దమ్మా. మా అత్తకు నేను చెప్పుకుంట."

నేను తలూపాను.  పిల్ల లేస్తుందని కదలకుండా, భుజం తిమ్మిరెక్కినా అలాగే కూర్చున్నాను.

ఏప్రిల్‌లో చిట్టికి ఏడాది నిండింది. పొద్దున్న క్లినిక్‌లో చుక్క పై గీత కిందికి దిగింది. సాయంత్రం ఇంట్లోనే చిన్న పుట్టినరోజు. జిలానీ కెఫెటీరియా నుంచి చాయ్ ఫ్లాస్కు పంపించాడు, పెద్దవాళ్ళకి. కొమురవ్వ ఫోన్‌లో, పిల్ల మంచిగైంది అంది పొరపాటున, వెంటనే నాలిక కరుచుకుని, ఎండిపోయింది పాపం అని సర్దుకుంది. కేకు ముక్కలు మేం తిన్నాం. చిట్టికి మామూలుగానే పప్పన్నం కలిపి, గిన్నె దాని ముందే పెట్టాను. ఇప్పుడు తన చేత్తోనే తింటుంది. సగం నోట్లోకి, సగం గౌను మీదికి, కొంచెం జుట్టులోకి.

తిన్నంత తిని మొహం తిప్పేసింది. నేను గిన్నె తీయబోయాను. గిన్నె లాక్కుంది. మళ్ళీ తింటుందేమోనని ఆగాను. చెయ్యి ముంచి, గుప్పెట్లో అన్నం నలిపి, మోకాళ్ళ మీద లేచి, ఆ గుప్పెడు తీసుకొచ్చి నా పెదాలకి ఆనించింది. నేను నోరు తెరవలేదు. ఎవరి ముద్దో నాకు అర్థం కాలేదు. ఇరవై ఏళ్ళుగా అమ్మ ముద్ద, నాన్న ముద్ద, జేజి ముద్ద, ఎందరి పేర్లో చెప్పి ఎందరు పిల్లలకో పెట్టాను, నా పేరున ఒక్కటి కూడా చెప్పుకోలేదు. చిట్టి విసుక్కుని, నేను దాని చెంప నొక్కినట్టే, రెండో చేత్తో నా చెంప నొక్కింది.

తిన్నాను. ఉప్పు సరిపోయింది.

అందరూ పడుకున్నాక గిన్నెలు సర్దుకుని, ఫ్రిజ్ దగ్గరికి వెళ్ళి పుస్తకం తీశాను. నర్సు ఎప్పుడో మానెయ్యమంది, నాకే అలవాటైపోయింది. సాయంత్రం, పప్పన్నం, చిట్టి, తిన్నంత అని రాశాను. దాని కింద ఇంకో గీత గీసి, పేరమ్మ, ఒక ముద్ద అని రాసి, దారానికి తగిలించాను.